శనివారం సాఫీగా నడిచిన బస్సు

మా అమ్మాయి శ్రావ్య కంప్యూటరుకి కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చిన రోజు నాకు అప్పగించిన పని ఒక్కటే, మెత్తని పాతబట్ట వెతికి ఇవ్వడం. కార్డు బిగించే ముందు లోపలి దుమ్ము తుడవాలట. బాపట్లలో మేముండే వీధికి సముద్రం గాలి బాగానే తగులుతుంది కాబట్టి ఏ వస్తువు మూత తీసినా లోపల ఉప్పూ ఇసుకా కలిసిన జిగురుదుమ్ము కనబడుతుంది. ట్రంకుపెట్టె తెరిచి పాతదుప్పట్ల కింద చెయ్యి పెడితే ఏదో గరుకుగా తగిలింది. బయటికి లాగాను. లేతాకుపచ్చ బట్ట, అంచులకి ఎర్ర కుచ్చులు, పక్కన ముడివేసే నాడాలు, ముందువైపు కాజాలాంటి చీలిక, వెనకవైపు పెద్ద చదరంగా కత్తిరించి కుట్టిన దోమతెర ముక్క. శ్రావ్య దాన్ని అందుకుని తన భుజాలకి ఆనించుకుని చూసుకుంది.

"ఎవరి గౌనమ్మా ఇది?"

"కంప్యూటరుది."

అది నవ్వి నవ్వి సోఫాలోంచి కిందికి జారింది. కళ్ళు తుడుచుకుని, "సరే, కంప్యూటరుకి గౌను. మరి దాని వీపుకి దోమతెర ఎందుకు?" అంది. ఆ ప్రశ్నకి జవాబు మీ ముత్తాత దగ్గర్నుంచి మొదలుపెట్టాలే అన్నాను. "అయితే కార్డు బిగించాక చెప్పు" అని అటు తిరిగింది. దానికి తీరిక లేదు సరే, మీకు ఉంటుందన్న ధైర్యంతో రాస్తున్నాను.

నేను తెనాలిలో డిగ్రీ చదివే రోజుల్లో మా అమ్మానాన్నలు కర్లపాలెంలో ఉండేవాళ్ళు. నాన్న అక్కడ బడిలో మాస్టారు. హాస్టలు తిండి నాకు పడక రేపల్లెలో తాతయ్యా నాయనమ్మల దగ్గర ఉండి, రోజూ పాసింజరు బండిలో తెనాలి వెళ్ళొచ్చేదాన్ని. తాతయ్య ఎర్రబస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. బస్సు ఆయన్ని వదిలింది గాని ఆయన బస్సుని వదల్లేదు. తొలిబస్సు వేళకే లేచి కూర్చునేవాడు. సైకిలు తీసే ముందు రెండు టైర్లనీ కాలితో తన్ని చూసేవాడు. గడ్డం గీసుకుంటున్నా అద్దంలో ఒక కన్ను తన ముఖం మీద, ఒక కన్ను వెనక ఎవరొస్తున్నారా అన్నదాని మీద ఉండేది. భోజనం ముగించి పీట మీంచి లేస్తూ "రైట్, రైట్" అనేవాడు. వంటింట్లో నాయనమ్మ అడ్డంగా నిలబడి ఉంటే పక్కనుంచి పోడు, ఆవిడ తప్పుకునే దాకా నోటితో హారన్ కొట్టేవాడు. తాలింపు ఘాటుకి తుమ్ముతూనే నాయనమ్మ, "ఇది మీ డిపో కాదండీ" అనేది.

నాయనమ్మకి ఉన్న పిచ్చి బట్ట కట్టడం. మనుషులకి కాదు, వస్తువులకి. మా ఇంట్లో టీవీకి కుచ్చుల తొడుగు, మిక్సీకి టోపీ, ఫ్రిజ్జు పిడికి చేతిగుడ్డ, గ్యాసు బండకి లంగా, గోడ మీది రేడియోకి పరదా ఉండేవి. బట్ట కట్టించుకోకుండా తిరిగింది కుక్కరొక్కటే, అది కూడా మంటమీద ఉంటుంది కాబట్టి. కుట్టుమిషను తొక్కడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఆ తొడుగులన్నిటికీ శనివారం తలంటు. పొద్దున్నే అన్నీ ఊడదీసి, కుంకుళ్ళ నురుగులో నానబెట్టి, ఉతికి, గంజి పెట్టి దండేనికి ఆరేసేది. ఆదివారం పొద్దున ఇస్త్రీ చేసి మళ్ళీ అందరికీ తొడిగేది. శనివారం మా ఇంటికి ఎవరైనా వస్తే వస్తువులన్నీ బట్టల్లేకుండా ఉన్నాయని నాయనమ్మ నిజంగానే సిగ్గుపడేది. ఇప్పటికీ గంజివాసన ఎక్కడ తగిలినా నాకు శనివారమే అనిపిస్తుంది.

ఇంక ఆవిడకున్న అసలు కష్టం సంగతి. నాయనమ్మకి బస్సు పడదు. డీజిలు వాసన ముక్కుకి సోకితే చాలు, కడుపులో తిప్పడం మొదలు. పెళ్ళయ్యాక పుట్టిల్లు పెనుమూడి నుంచి రేపల్లెకి తీసుకొస్తూ, కొత్త పెళ్ళికొడుకు గొప్పగా తనే పెళ్ళివారి బస్సు నడిపాడట. ఊరి పొలిమేర దాటకముందే పెళ్ళికూతురు కిటికీలోంచి వాంతి చేసుకుని, బస్సు దిగి, పట్టుచీరతో మిగతా దారంతా నడిచింది. ఆ తర్వాత జన్మలో ఆయన బస్సు ఎక్కలేదు. పెనుమూడికి రిక్షా, తెనాలికి రైలు. తప్పనిసరై ఏ కారో ఎక్కితే చేతిలో నిమ్మకాయ, ముక్కుకి కొంగు. మొగుడు ఊరందరినీ ఊళ్ళు తిప్పుతుంటే, పెళ్ళాం మాత్రం రైలుస్టేషనులో టిక్కెట్టు కోసం నిలబడేది. ఇది రేపల్లెలో చాలామందికి తెలిసిన హాస్యమే.

నా చదువు కోసం నాన్న రేపల్లె ఇంట్లో కంప్యూటరు పెట్టించాడు. అప్పటి మానిటరు అంటే మీకు గుర్తుందో లేదో, ముందు చూస్తే టీవీ, పక్కనుంచి చూస్తే బియ్యం బస్తా. నాయనమ్మ ఆ రోజే కొలతలు తీసుకుంది. మానిటరుకి ముందు తెర ఎత్తుకునే ముసుగు, కింద ఉండే పెట్టెకి, అదే కేబినెట్టుకి, లేతాకుపచ్చ చొక్కా. చొక్కా ఊడదీసే పని లేకుండా మీట నొక్కడానికి కాజా పెట్టింది. "చూశావా, గుండీ తియ్యకుండానే పని జరిగిపోతుంది" అని నాకు చూపించి మురిసిపోయింది. నేనూ మెచ్చుకున్నాను. కంప్యూటరు చదువుతున్న నాకే ఏమీ తోచలేదు.

తెనాలిలో స్టేషను పక్క సందులో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే మురళి అన్నయ్య ఉండేవాడు. ఒకసారి ఆయన దగ్గర బస్సు నడిపే ఆట ఒకటి సీడీలో తెచ్చాను. తాతయ్యకి చూపించి నవ్విద్దామని నా ఉద్దేశం. ఆయన నవ్వలేదు. చొక్కా గుండీలు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. కీబోర్డు మీద బాణాలు నొక్కడం ఆయన వేళ్ళకి రాలేదు. కాసేపు ప్రయత్నించి, లేచి వెళ్ళి, పళ్ళెం పట్టుకొచ్చాడు. తను పళ్ళెం తిప్పుతాడు, నేను ఆ పళ్ళేన్ని చూస్తూ బాణాలు నొక్కాలి. అలా నేను మా ఇంట్లో స్టీరింగు రాడ్డునయ్యాను. నొక్కడం ఒక్క క్షణం ఆలస్యమైతే, "స్టీరింగు లూజుగా ఉందే" అనేవాడు నావంక చూడకుండా. వంటింట్లోంచి నాయనమ్మ, "అన్నం తినే కంచంతో ఆటలేంటండీ, లక్ష్మీదేవి పోతుంది" అని అరిచి, వేరే పాత పళ్ళెం ఒకటి కేటాయించింది.

ఆటలో ఉన్నది ఏదో పరాయిదేశపు పట్నం. బళ్ళన్నీ కుడివైపు నడుస్తాయి.

"వీళ్ళందరూ రాంగ్ సైడులో వస్తున్నారేంటే!" అన్నాడు తాతయ్య మొదటిరోజు.

"అక్కడ అదే రైట్ సైడు తాతయ్యా."

"అందుకే ఊళ్ళో మనిషన్నవాడు లేడు. అందరూ పోయుంటారు" అన్నాడు. అన్నాడే గాని వారం తిరక్కుండా కుడివైపుకి అలవాటు పడ్డాడు. అద్దాల మేడల మధ్య నుంచి పోనిస్తూ, "భట్టిప్రోలు, భట్టిప్రోలు... ముందుకి జరగండమ్మా... వేమూరోళ్ళు దిగాలి" అని పిలిచేవాడు. బస్సు ఎక్కడున్నా ఆయన మాత్రం రేపల్లె నుంచి తెనాలి రోడ్డు మీదే ఉండేవాడు.

అసలు చిక్కు ఏమిటంటే, బొమ్మ సాఫీగా కదిలేది కాదు. మా కంప్యూటరులో బొమ్మలు గీసిపెట్టే గ్రాఫిక్స్ కార్డు విడిగా లేదు. రోడ్డు ముక్కలు ముక్కలుగా వచ్చేది. మలుపు మొదట్లో ఉన్న బస్సు ఒక్క అంగలో మలుపు చివర తేలేది. పైగా మానిటరు సన్నగా వణుకుతుండేది, ట్యూబులైటు కింద మరీను. తాతయ్య ఓర్చుకునేవాడు, గతుకుల రోడ్లు ఎరిగిన మనిషి కదా. నాయనమ్మ ఒకసారి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడింది. రెండు మలుపులు చూసింది. "అమ్మో, ఇదీ బస్సేనర్రా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. డీజిలు వాసన లేకుండా, ఉన్నచోట నిలబడి, వాంతి చేసుకున్న మనిషిని నేను అప్పుడే చూశాను. నేను పకపకా నవ్వాను. తాతయ్య మాత్రం పళ్ళెం ఒళ్ళో పెట్టేసుకుని పెరటివైపు చూశాడు.

మర్నాడు రైలుకి వెళ్తుంటే స్టేషను దాకా వచ్చాడు. ఎప్పుడూ రాడు. "అమ్మడూ, ఈ బొమ్మ ఎగరకుండా పోయే ఉపాయం ఏదైనా ఉందా?" అన్నాడు. మురళి అన్నయ్యని అడుగుతానన్నాను. "అడుగు. ఎంత మందిని తిప్పానే నేను! కాపరానికెళ్ళే పిల్లల్ని దింపాను, నెప్పులొచ్చినోళ్ళని తెనాలి ఆస్పత్రికి చేర్చాను. నేను బండి నడపడం చూడంది మీ నాయనమ్మ ఒక్కతే. ఒక్కసారి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క ట్రిప్పు కొట్టాలని ఉంది." బండి కూత వేసింది. ఆయన గబగబా, "నేనడిగానని దానికి చెప్పకు" అన్నాడు. నిన్న నవ్వినందుకు సిగ్గుపడుతూ రైలెక్కాను.

మురళి అన్నయ్య సంగతంతా విని, "దానిదేముంది చెల్లెమ్మా, కార్డు వేసేద్దాం. మీ తాతగారిని, కేబినెట్టునీ తీసుకొచ్చెయ్" అన్నాడు. తీసుకెళ్ళాం, రైల్లో, ఒళ్ళో పెట్టుకుని. నాయనమ్మ మాత్రం చొక్కా విప్పి దాచేసింది. "ప్రయాణంలో మాసిపోతుంది. ఇంటికొచ్చాక తొడుగుతాను" అంది. ఆ జాగ్రత్త వల్ల మాకు ఎంత తిరుగుడు పడబోతోందో ఎవరికి తెలుసు? మురళి అన్నయ్య పక్కరేకు విప్పి, అరచెయ్యంత కార్డుని నొక్కి కూర్చోబెట్టి, తన కొట్లో ఉన్న మానిటరు తీగని పాత చోట కాకుండా దానికి తగిలించాడు. తర్వాత ఎక్కడో లోపలికి వెళ్ళి అరవై అని ఉన్నచోట ఎనభై ఐదు పెట్టాడు. సెకనుకి తెర ఎన్నిసార్లు మారుతుందో ఆ అంకె అట. "కార్డొక్కటే వేస్తే చాలదు చెల్లెమ్మా. ఇది మార్చకపోతే వణుకు పోదు. సగంమంది ఇక్కడే మర్చిపోతారు" అన్నాడు. ఆట పెట్టాడు. రోడ్డు పట్టుచీర మడత విప్పినట్టు వచ్చింది. తాతయ్య చేతులు పళ్ళెం కోసం గాల్లో వెతుక్కున్నాయి.

ఇంటికి తెచ్చి అన్నీ బిగించి, నాయనమ్మని బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టాం. చేతిలో నిమ్మకాయ. బస్సు బయల్దేరింది. బాగుంది, బాగుంది, చాలా బాగుంది అనుకుంటూ ఉండగానే ఉన్నట్టుండి తెర మీద రోడ్డు తడబడింది, ఆగింది, ఎగిరింది. ఇంకో మలుపు తిరిగేసరికి మునుపటికన్నా ఘోరం. నాయనమ్మ మళ్ళీ పెరట్లోకి. ముఖం కడుక్కుని తిరిగొచ్చి, "నన్నింక పిలవకండి. ఈ బస్సులు నా ఒంటికి సరిపడవు. ఆ దేవుడు అలా రాశాడు" అంది. కోపంగా అనుంటే బాగుండేది. నీరసంగా అంది.

మళ్ళీ కేబినెట్టుకి చొక్కా విప్పి తెనాలి మోసుకెళ్ళాం. కొట్లో పెడితే హాయిగా నడిచింది. ఇంటికి తెస్తే కాసేపటికే తడబాటు. "మీ ఇంట్లో కరెంటు ఎగుడుదిగుడుగా ఉందేమో తాతగారూ" అని మురళి అన్నయ్య స్టెబిలైజరు ఒకటి ఇచ్చాడు. అది తెచ్చిన సాయంత్రమే నాయనమ్మ దానికీ ఒక చొక్కా కుట్టింది.

అలా ఉండగా ఒక శనివారం మధ్యాహ్నం తాతయ్య ఊరికే కూర్చుని ఆట పెట్టించాడు. తెనాలి చేరేదాకా రోడ్డు ఎక్కడా ఎగరలేదు. ఆదివారం పెడితే మళ్ళీ గతుకులే. మరుసటి శనివారం మళ్ళీ వెన్న. ఆ పై శనివారం కూడా అంతే. తాతయ్యకి శనివారం వెంకటేశ్వరస్వామి వారం, ఒంటిపూట భోజనం. ఆయనకి విషయం అర్థమైపోయింది. "స్వామే నడిపిస్తున్నాడే" అన్నాడు. అప్పట్నుంచి శనివారం స్నానం చేసి, నామం పెట్టుకుని గాని పళ్ళెం ముట్టేవాడు కాదు. డిగ్రీలో కంప్యూటర్లు చదువుతున్న నేను కూడా నమ్మానని చెప్పడానికి నాకు మొహమాటమేమీ లేదు. ప్రతి శనివారం కళ్ళెదుట జరుగుతుంటే నమ్మక ఏం చేస్తాం? చిక్కల్లా ఒక్కటే. శనివారం నాయనమ్మకి క్షణం తీరదు. తొడుగుల ఉతుకుడు, గంజి, తాతయ్య రాత్రి ఫలహారానికి పిండి రుబ్బడం. "రత్నం, ఇవాళ బాగా పోతుందే, ఒక్కసారి రావే" అని ఈయన పిలవడం, చేతుల నిండా నురుగుతో ఆవిడ, "మీకేమండీ, స్వామి నడుపుతున్నాడు. ఈ గుడ్డలు కూడా ఆయనొచ్చి ఉతుకుతాడా?" అని కసరడం. ఆవిడకి తీరికుండే రోజుల్లో బస్సు నడవదు. బస్సు నడిచే రోజు ఆవిడకి తీరిక లేదు.

ఆ ముడి విప్పింది వాన. ఒక శనివారం తొడుగులు ఉతికిన కాసేపటికే ముసురు పట్టింది. రేపల్లెలో ముసురంటే తెలుసుగా, ఇంట్లో ఉప్పు కూడా నీళ్ళు కక్కుతుంది. తొడుగులన్నీ వరండాలో దండేనికి వేలాడుతూనే ఉన్నాయి. గంజి సగం ఆరి పుల్లటి వాసన. సోమవారం నేను కాలేజీకి పోలేదు. "పెట్టవే, గతుకులైతే గతుకులే" అన్నాడు తాతయ్య విసుగ్గా. బస్సు బయల్దేరింది. భట్టిప్రోలు దాటింది, వేమూరు దాటింది, జంపని దాటింది. ఎక్కడా ఎగరదే!

"ఇవాళేం వారం?" అన్నాడు అనుమానంగా.

"సోమవారం తాతయ్యా."

"శివుడికి కూడా డ్రైవింగు వచ్చన్నమాట."

మంగళవారం కూడా నడిచింది. అది ఆంజనేయస్వామి ఖాతాలో వేశాడు. నేను నవ్వుతూ లేచి వరండాలోకి పోబోతే తడిచొక్కా ఒకటి ఫెళ్ళున ముఖానికి కొట్టుకుంది. లేతాకుపచ్చది. దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక్కి వచ్చి కేబినెట్టు వీపు దగ్గర చెయ్యి పెట్టాను. ఫ్యాను లోపలి వేడిని నా అరచేతిలోకి ఊదుతోంది. ఇన్నాళ్ళూ ఆ గాలి ఎటూ పోలేక చొక్కాలోనే తిరిగి తిరిగి, కార్డు ఉడికిపోయి, బొమ్మ తడబడింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంట్లో దానికి గుడ్డ కప్పి మేము తెనాలి చుట్టూ తిరిగాం.

తాతయ్యకి గుసగుసగా చెప్పాను. "ఓసి దీని దుంపతెగ! రేడియేటరుకి దుప్పటి కప్పి నడిపామా మనం!" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు. అంతలోనే ముఖం మారింది. "ఈ మాట మీ నాయనమ్మకి ఎవరు చెప్తారు?" ఇద్దరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ముందు దొంగదారి పట్టాం. ఎండ వచ్చి తొడుగులు ఆరాక ఆవిడ తొడగడం, నేను నాడాలు విప్పి పైకి మడవడం, ఆవిడ వచ్చి "ఇది ఎవరు ఎత్తేశారు, ఉప్పుగాలికి తుప్పు పట్టిపోదూ" అని మళ్ళీ దించడం. ఊరేలినవాడు కూడా ఇంట్లో భయపడతాడు, తాతయ్య ఏలింది బస్సు మాత్రమే.

చివరికి ఆయనే చెప్పాడు, భోజనం దగ్గర, కంచంలోకి చూస్తూ. ఇంజనుకి గాలాడాలి రత్నం, లేకపోతే ఎంత మంచి బండైనా ఆగిపోతుంది, నీ కుట్టుకి వంకలేదు, మరీ బిగుతుగా, మరీ బాగా కుట్టావు, అదే గొడవ, అన్నాడు. నాయనమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అంటే ఇన్నాళ్ళూ మీ బస్సుని ఆపింది నేనా?"

"అట్టా ఎందుకంటావే..."

"మరి ఆ బస్సు మీద అంత పట్టుదలేంటండీ మీకు? తెనాలి దాకా మోసుకెళ్ళి మోసుకెళ్ళి!"

తాతయ్య కంచంలో అన్నం కెలుకుతున్నాడు. నేను ఆగలేకపోయాను. చెప్పొద్దన్న మాట చెప్పేశాను. "నిన్నెక్కించుకోవాలని నాయనమ్మా. ఆయన నడపడం ఊరంతా చూసిందట, నువ్వు తప్ప." నాయనమ్మ మా ఇద్దరివంకా చూసింది. చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళి కత్తెర తీసుకుంది. నేను వెంటపడి చొక్కా తీసేస్తే చాలంటే వినలేదు. "నా చేత్తో కుట్టింది నేనే కోస్తాను. మీరు ముట్టుకోకండి" అంది. వీపుభాగం చదరంగా కత్తిరించేసింది. పాత దోమతెరలోంచి అంత ముక్క కోసి, అంచు మడిచి, మిషను మీద కుట్టింది. ఆ మధ్యాహ్నం మిషను చప్పుడు తప్ప మా ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. పని ముగించి, దాన్ని వెలుతురుకి ఎత్తి చూసుకుని, "కిటికీ పెట్టాను. ఇంక ఎలా ఆగుతుందో చూస్తాను" అంది.

మర్నాడు సాయంత్రం ఆవిడ బస్సు ఎక్కింది. ఎక్కింది అనే అంటాను. జడ వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. చేతిలో నిమ్మకాయ ఉంది. తాతయ్య నామం పెట్టుకోలేదు, అది గురువారం. పళ్ళేన్ని తుండుగుడ్డతో తుడిచి పట్టుకున్నాడు. నేను బాణాల మీద వేళ్ళు పెట్టి సిద్ధంగా ఉన్నాను. "రైట్, రైట్" అన్నాడు. రోడ్డు వచ్చింది, మెత్తగా, ఎక్కడా తెగకుండా. మొదటి మలుపుకి ఆవిడ కళ్ళు మూసుకుంది. రెండో మలుపుకి ఒక కన్ను తెరిచింది. మూడోది తిరిగాక, "ఇంత నెమ్మదిగా తిప్పుతారా మీరు?" అంది ఆశ్చర్యంగా. "మరి? గర్భిణీ మనుషులు ఎక్కేవాళ్ళే నా బండి" అన్నాడు తాతయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. భట్టిప్రోలు వచ్చింది. వేమూరు వస్తుందనగా నాయనమ్మ అడిగింది.

"ఏమండీ, ఇది పెనుమూడి వెళ్ళదా?"

"ఇది తెనాలి బస్సే."

"వెళ్ళదా, అయితే" అంది చిన్నగా.

సర్వీసులో ఉన్నంతకాలం రూటు తప్పని మనిషి మా తాతయ్య. పెళ్ళివాళ్ళు బతిమాలినా, పెద్దమనుషులు బెదిరించినా సందులోకి తిప్పింది లేదు. ఆ రోజు పళ్ళెం మొత్తం ఎడమవైపుకి తిప్పేశాడు. నేను బాణం నొక్కాను. తెర మీద ఎర్రక్షరాలు వెలిగాయి, దారి తప్పారని గీ గీమని మోత మొదలైంది, పాయింట్లు వరసగా పోతున్నాయి. "తాతయ్యా, కోసేస్తున్నారు" అన్నాను. "కొయ్యనీ" అన్నాడు. ఇళ్ళు పల్చబడ్డాయి. ఎదురుగా పెద్ద నీళ్ళు, దాని మీద పొడుగాటి వంతెన. అప్పట్లో పెనుమూడి దగ్గర వంతెన లేదు, కృష్ణ దాటాలంటే పడవే. "మా ఊరికి వంతెన కట్టారా!" అంది నాయనమ్మ. "నీ కోసమే" అన్నాడు తాతయ్య. వంతెన దాటేదాకా ఆవిడ రెప్ప వెయ్యలేదు. నిమ్మకాయ వాసన చూడటం మర్చిపోయింది. అది రాత్రి పులిహోరలోకి పోయింది.

ఇదంతా తలుచుకుంటూ ఉండగా శ్రావ్య కార్డు బిగించడం పూర్తయింది. దాని కార్డు అరచెయ్యంత కాదు, చిన్న సైజు ఇటుకంత. మూడు ఫ్యాన్లు. కేబినెట్టుకి ఒకవైపు అద్దం, లోపల రంగురంగుల దీపాలు. మేము కప్పి దాచినదాన్ని వీళ్ళు దీపాలు పెట్టి మరీ చూపిస్తారు. గాలికి కరువు లేదు. ఆట పెట్టింది. కాసేపటికే ముఖం ముడుచుకుంది. "ఏంటమ్మా ఇది, నూటనలభై నాలుగు రావాలి, పాతదానిలాగే ఉంది. కార్డు పాడయిందేమో. తెనాలి కొట్టుకే తిరిగి పంపించాలి." తెనాలి అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "లేవే ఒకసారి" అని కుర్చీ లాక్కుని, లోపలికి వెళ్ళి చూస్తే, ఊహించినట్టే తెర ఇంకా అరవైలో ఉంది. మార్చాను. "సగంమంది ఇక్కడే మర్చిపోతారు" అన్నాను, ఏదో జన్మంతా కొట్టు నడిపినదానిలాగా. శ్రావ్య నోరు తెరిచింది. ఆ సుఖం పదిరోజులు చాలుతుంది నాకు.

"అయితే నువ్వు పక్కన కూర్చోవాల్సిందే" అంది. నాయనమ్మ నాకిచ్చిన ఆస్తిలో ఆవిడ కడుపు కూడా ఉందని ఈ వయసులో తెలిసింది. శ్రావ్య ఆటలు చూస్తే నాకు తిప్పుతుంది, అందుకే ఎప్పుడూ తలుపు దగ్గరే నిలబడి మాట్లాడతాను. ఇవాళ వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చుకుని కూర్చున్నాను. కారు బయల్దేరింది. మలుపులు, కొండలు, సొరంగాలు వచ్చాయి. ఏమీ తిప్పలేదు. ఇంత సాఫీగా ఉంటుందని తాతయ్యకి చెప్పాలనిపించింది. అప్పుడు ఎనభై ఐదుకే మేము స్వర్గం చూశాం. ఇప్పుడు అంతకన్నా ఎంతో ఎక్కువ ఉంది, అయినా నేను వెతికింది పళ్ళెం పట్టుకున్న ఆ రెండు చేతుల్ని. వెతికాను, ఏడుపొచ్చింది, నిమ్మకాయ వంకన ముక్కు తుడుచుకున్నాను. అప్పుడే తెర మీద నది వచ్చింది, దాని మీద వంతెన.

పెనుమూడి దగ్గర నిజం వంతెన తర్వాత ఎప్పటికో వచ్చింది. అప్పటికి తాతయ్య లేడు. కొత్త వంతెన చూపిద్దామని నాయనమ్మని ఆటోలో తీసుకెళ్ళాను. దారంతా నిమ్మకాయ ముక్కుకి ఆనించుకునే కూర్చుంది. వంతెన మీదికి ఎక్కగానే ఆటో ఆపించి, "చూడు నాయనమ్మా, మీ ఊరి నుంచి అవతలి ఒడ్డుకి వంతెన. మొట్టమొదటిసారి దాటుతున్నావు" అన్నాను గొప్పగా. ఆవిడ కిందనున్న కృష్ణని కాసేపు చూసింది. నిమ్మకాయని కొంగున ముడేసుకుంది.

"మొదటిసారేంటే" అంది. "మీ తాత ఎప్పుడో దాటించారు నన్ను."